బాబుకు వ్యాయామాలు తగ్గిస్తే నష్టమా? రోజంతా అదే అయిపోతోంది

గోపాలపట్నం_అమ్మ
మా బాబుకు ఐదేళ్లు నిండాయి. ఏడో నెలలోనే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలో మెదడుకు దెబ్బ తగిలి కదలికలు దెబ్బతినే సమస్య. రెండు కాళ్లూ బిగుతు. చేతులు బాగా వాడతాడు, మాటలకు కొదవ లేదు. ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తాడు, గడప దాటితే మాత్రం నా చంకలోనే.

వాడి రోజంతా చికిత్సతోనే గడిచిపోతోంది. పొద్దున లేవగానే కాళ్లు సాగదీయడం, బడి నుంచి రాగానే ఆటోలో మద్దిలపాలెం వైపు సెంటరుకు పరుగు, ఇంటికొచ్చాక స్టాండింగ్ ఫ్రేములో నిలబెట్టడం, రాత్రికి కాళ్లను సరైన భంగిమలో పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్లు. మాది కొండవాలు మీద ఉన్న కాలనీ. ఆటో కింద రోడ్డు మీదే ఆగుతుంది, అక్కడి నుంచి మెట్లన్నీ వాణ్ణి ఎత్తుకునే ఎక్కాలి. మేము ఇల్లు చేరేసరికి పక్కింటి పిల్లలు ఆట ముగించి అన్నాలకు కూర్చుంటారు.

ఈ మధ్య నేను చాప పరవగానే కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. రెప్పలు మాత్రం అదురుతూ ఉంటాయి. మొన్న నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇవాళ నువ్వు మేడమ్‌వి కావద్దు" అన్నాడు. సెంటరులో వ్యాయామం చేయించే ఆవిడను మేడమ్ అంటాడు.

ఆదివారాలు పూర్తిగా, మిగతా రోజుల్లో కొన్ని సాయంత్రాలు మానేద్దామని నాకు ఉంది. మావారు ఒప్పుకోవడం లేదు, ఈ వయసు దాటితే మళ్లీ రాదంటారు. అత్తగారేమో పసివాణ్ణి రాచిరంపాన పెడుతున్నావంటారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మురళీనగర్_రమ
ఆదివారం మానేయండి, రెండో ఆలోచన వద్దు. మా పాపకు డౌన్ సిండ్రోమ్. ఆదివారం ఇంట్లో చికిత్స మాటే ఎత్తం. సోమవారం హుషారుగా చేస్తుంది.

పెందుర్తి_నాన్న
రమగారూ, అంత తేలిగ్గా చెప్పకండి. డౌన్ సిండ్రోమ్‌లో కండరాలు వదులుగా ఉంటాయి, ఇక్కడ బిగుతు. రెండూ ఒకటి కావు.

మా పెద్దవాడికి పదకొండేళ్లు, సరిగ్గా ఇదే సమస్య. 2020లో లాక్‌డౌన్‌కు సెంటర్లు మూతపడ్డాయి. ఫోనులో వీడియో చూపించి చేయించమన్నారు, చేయించాం. పాత స్ప్లింట్లు చిన్నవైపోయాయి, కొత్తవి చేసే చోటు తెరిచి లేదు. ఆ ఏడాదే వాడు బాగా పొడుగయ్యాడు. మళ్లీ సెంటరుకు వెళ్లేసరికి మడమలు నేలకు ఆనడం మానేశాయి. చివరికి పిక్క కండరాన్ని మడమకు కలిపే స్నాయువును పొడవు చేసే ఆపరేషన్ జరిగింది. ఆ కట్టుతో వాడు పడ్డ బాధ చూసినవాణ్ణి. అందుకే మానేయండి అనే మాట నా నోట రాదు.

సీతమ్మధార_సునంద
మాది ఆటిజం, కాళ్ల గురించి చెప్పలేను. కానీ "నువ్వు మేడమ్‌వి కావద్దు" అన్నది చదివి గుండె కలుక్కుమంది. వ్యాయామాలు తగ్గించాలో లేదో నాకు తెలియదు. ఆ పిల్లవాడికి అమ్మ మాత్రం వెనక్కి కావాలి.

వాల్తేరు_ఫిజియో
ఫిజియోథెరపీ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పెందుర్తి నాన్నగారి భయం నిజమైనది. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, ఎముక మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బిగుతుగా ఉన్న కండరం ఎముకతో సమానంగా సాగదు. అందుకే పొడవు పెరిగే కాలంలో పిక్కలు, తొడ వెనక కండరాలు, తొడ లోపలి కండరాలు పొట్టిబడిపోతాయి. ఐదేళ్ల బాబును నెలల తరబడి వదిలేస్తే నష్టమే.

అయితే పొద్దున్నే కాళ్లు పట్టుకుని కాసేపు లాగి వదిలితే ఆ ఫలితం ఎక్కువసేపు నిలవదు. ఎక్కువసేపు సరైన భంగిమలో ఉంచేవి స్ప్లింట్లు, స్టాండింగ్ ఫ్రేము, పాదాలు నేలకు ఆనే కుర్చీ. ఇవి రోజులో కలిసిపోతాయి, ఏడిపించి చేయించాల్సిన పని లేదు. ఇక లేవడం, నడవడం, ఎక్కడం మెరుగుపడాలంటే పిల్లవాడు తనకు కావలసిన దాని కోసం తానే కదలాలి. పడుకోబెట్టి మనం కాళ్లు కదిపితే వాడి మెదడుకు కొత్తగా నేర్చుకునే పని ఏమీ అందదు. ఏడుస్తూ ఒళ్లు బిగబట్టిన పిల్లవాడిలో బిగుతు ఇంకా పెరుగుతుంది కూడా.

మీ సెంటరులో రెండు విషయాలు అడగండి. కదలికల సామర్థ్యాన్ని బట్టి ఈ పిల్లలను ఐదు స్థాయిలుగా చూస్తాం. ఊతం, ఇబ్బంది లేకుండా అన్నిచోట్లా నడిచేవారు మొదటి స్థాయి, కూర్చోవడానికి కూడా పూర్తి ఆసరా కావలసినవారు ఐదో స్థాయి. మీ బాబు ఏ స్థాయో రాసివ్వమనండి. వాకర్‌తో నడుస్తాడంటే మూడు కావచ్చు, చూడకుండా నేను తేల్చి చెప్పకూడదు. రెండోది తుంటి ఎక్స్‌రే. సొంతంగా నడవని పిల్లల్లో తొడ ఎముక తల మెల్లగా గుంటలోంచి పక్కకు జరిగే ప్రమాదం ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, పైకి తెలియదు. క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీస్తేనే పట్టుకోగలం. ఆదివారం వ్యాయామం తప్పడం కంటే ఈ ఎక్స్‌రే తప్పడం పెద్ద నష్టం.

గోపాలపట్నం_అమ్మ
తుంటి ఎక్స్‌రే గురించి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదండి. ఈ వారమే అడుగుతాను. రోజులో కలిసిపోవడం అంటే ఎలాగో ఒకటి రెండు ఉదాహరణలు చెప్పగలరా?

కూర్మన్నపాలెం_తాత
అది నేను చెబుతానమ్మా. మా మనవరాలికి ఆరేళ్లు, మీ బాబులాగే. నేను స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యాను, చేతిలో పనిముట్లు ఉన్నాయి. దాని ఎత్తుకు సరిపడే చెక్క బల్ల ఒకటి చేశాను. వీపుకు ఆసరా లేదు, కావాలనే పెట్టలేదు. దాని మీద కూర్చోబెట్టి, బఠాణీ కాయల గిన్నె ఎడమవైపు నేల మీద, గింజలు వేసే గిన్నె కుడివైపు ఎత్తుగా స్టూలు మీద పెడతాం. కాయ కోసం వంగాలి, గింజ వేయడానికి నిటారుగా లేచి తిరగాలి. కాయలన్నీ అయ్యేసరికి నడుము పని, తొడల పని, చేతుల పని అన్నీ అయిపోతాయి. వాళ్ల మామ్మకు కూర పని కూడా తప్పుతుంది. గింజల్లో సగం మనవరాలి నోట్లోకే పోతాయి, ఆ లెక్క అడగకూడదు.

వాల్తేరు_ఫిజియో
తాతగారు చెప్పిన పద్ధతే నేనూ చెప్పేదాన్ని. ఇంకో రెండు కలపండి. బొమ్మకార్లు మంచం మీద వరుసగా దూరం దూరంగా పెట్టండి, మంచం పట్టి పట్టుకుని పక్కకు అడుగులు వేస్తూ ఒక్కొక్కటి తీసుకుంటాడు. పళ్లు తోముకునేటప్పుడు కడుపు సింకుకు ఆనించి నిలబడనివ్వండి, మీ చెయ్యి తుంటి దగ్గర ఉంటే చాలు. రెండు మోకాళ్లు లోపలికి మడిచి, పాదాలు చెరో పక్కకు పెట్టి కూర్చునే అలవాటు ఉంటే అలా ఎక్కువసేపు ఉండనివ్వకండి.

పెందుర్తి_నాన్న
ఇవన్నీ బాగున్నాయి, ఒప్పుకుంటాను. రాత్రి స్ప్లింట్ల విషయంలో మాత్రం రాజీ పడకండి.

గోపాలపట్నం_అమ్మ
ఆ స్ప్లింట్లే రాత్రి పెద్ద యుద్ధం అన్నగారూ. మన విశాఖ ఉక్క మీకు తెలియనిది కాదు. ఆ ప్లాస్టిక్‌లో కాళ్లు చెమటతో నానిపోతాయి. పిక్కల మీద చెమటకాయలు, అర్ధరాత్రి లేచి వెల్‌క్రో పట్టీలు వాడే పీకేస్తాడు.

పెందుర్తి_నాన్న
లోపల మోకాలి దాకా వచ్చే పల్చటి నూలు మేజోళ్లు వేయండి, అంచుల కుట్టు బయటికి వచ్చేలా తిరగేసి. ముడత లేకుండా లాగాలి, ముడత ఉన్న చోటే ఒరుసుకుంటుంది. నిద్ర పట్టాక తొడగండి. పొద్దున తీయగానే చర్మం చూడండి. ఎర్ర మచ్చ అరగంటలోపు పోతే పరవాలేదు. పోకపోతే స్ప్లింటు అక్కడ నొక్కుతోందని అర్థం, చేసినవాళ్ల దగ్గరికి వెళితే వేడిచేసి సరిచేస్తారు. పిల్లవాడు పెరిగాక పాతదాన్ని బలవంతంగా తొడగవద్దు.

కంచరపాలెం_కళ
మా బాబుకు వినికిడి లేదు. ఏడాది దాటకముందే బెరా అనే వినికిడి పరీక్షలో తెలిసింది, తర్వాత వినబడటానికి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాం. మీ సమస్య వేరు, నా కోపం మాత్రం అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడితే, వాడి తల వెనక పరికరం చూసి ఒక పెద్దావిడ "ఏ జన్మలో ఏం చేశారో" అన్నారు. వాడికి ఇప్పుడు వినబడుతుందండి. విన్నాడు. ఇంటికొచ్చి "ఏ జన్మ అంటే ఏమిటి" అని అడిగాడు. ఆవిడ అన్నప్పుడే "మా అబ్బాయికి మీ మాటలు వినిపిస్తున్నాయి, వాడితోనే మాట్లాడండి" అన్నాను. ఇప్పుడు ఎవరన్నా అదే మాట చెబుతాను. చాలామంది సర్దుకుని నిజంగానే వాడితో మాట్లాడతారు.

మురళీనగర్_రమ
కళా, ఆ మాట నేనూ వాడుకుంటాను.

గాజువాక_రవి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకు నాలుగేళ్లు, ఇదే సమస్య. వైకల్య సర్టిఫికెట్, పింఛను సంగతి ఎవరైనా చెప్పగలరా? సచివాలయంలో ఒకరు చిన్నపిల్లలకు ఇవ్వరన్నారు.

భవిత_టీచరు
రవిగారూ, ఇస్తారు. వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షకు స్లాటు బుక్ చేసుకుని వైద్యులకు చూపించండి. చిన్నపిల్లలకు చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్ వస్తుంది, అందులో రాసిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించాలి. మానసిక ఎదుగుదల సమస్యకైతే ఐదు, పది, పద్దెనిమిదేళ్లకు తిరిగి చూస్తారు. వైకల్య గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత. 2024లో ఆ పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది.

ఇంకో ముఖ్యమైనది నిరామయ బీమా. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఇస్తారు. క్రమం తప్పకుండా చేయించే థెరపీ ఖర్చులకూ అందులో కొంత వాటా ఉంది. సెంటరులో ప్రతి బిల్లూ అడిగి తీసుకుని దాచండి.

సీతమ్మధార_సునంద
ఉద్యోగం చేసేవారు ఆదాయపు పన్నులో, తమ మీద ఆధారపడిన వికలాంగుల కోసం ఇచ్చే మినహాయింపు (1961 చట్టంలో 80డీడీ) కూడా చూసుకోండి. 75,000 మినహాయింపు, 80 శాతం, ఆపైన వైకల్యానికి 1,25,000. ఖర్చు ఎంతయినా ఆ మొత్తం అంతే. పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది.

అన్నకు_చెల్లి
నేను తల్లిని కాను. మా అన్నయ్యకు సెరిబ్రల్ పాల్సీ. వాడికి ముప్పై దాటాయి, నాకు ఇరవై ఎనిమిది. అందరూ అమ్మానాన్నల వైపు నుంచి రాస్తున్నారు, రెండో వైపు నుంచి నేను చెబుతాను.

మా చిన్నతనంలో సాయంత్రాలంటే అన్నయ్య వ్యాయామాలే. నేను కాళ్లు పట్టుకోవాలి, లేదా ఎదురుగా గిలక్కాయ ఊపాలి. అమ్మకు సాయం అనేవారు. నాకు ఆరేళ్లు. నాకూ హోంవర్కు ఉండేది, నాకూ ఆ రోజు బడిలో ఒకమ్మాయితో గొడవ జరిగి ఉండేది. ఎవరికీ తీరిక ఉండేది కాదు. అమ్మ మీద నాకు కోపం లేదు, ఆవిడ నడుము ఎంత అరిగిపోయిందో ఇప్పుడు రోజూ చూస్తున్నాను. గోపాలపట్నం అక్కా, మీకు పెద్దపాపో చిన్నపాపో ఉంటే, ఆ ఆదివారంలో కాసేపు తనకొక్కదానికే ఇవ్వండి. తనను చిన్న మేడమ్‌ను చేయకండి.

అన్నయ్య సంగతి కూడా చెప్పాలి. వాడు వీల్‌చైరులోనే ఉంటాడు, కంప్యూటర్ మీద లెక్కల పని చేసి సంపాదిస్తున్నాడు. చిన్నప్పుడు ఏది గుర్తుంది అని అడిగితే వ్యాయామాల పేర్లు ఒక్కటీ చెప్పడు. నాన్న సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టి హార్బరు వైపు ఓడలు చూపించడానికి తీసుకెళ్లేవారు, అది చెబుతాడు.

గోపాలపట్నం_అమ్మ
పెద్దపాప ఉంది చెల్లీ. ఎనిమిదేళ్లు. గిలక్కాయ బదులు ఫోను పట్టుకుని వాడి ఎదురుగా నిలబడుతుంది. మీరు రాసింది తనను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చదివాను.

గోపాలపట్నం_నాన్న
పైన రాసిన ఆవిడ భర్తను. ఆవిడే చదివించింది, అందుకని నా మాట కూడా రాస్తున్నాను. నేను కఠినుణ్ణి అని అందరూ అనుకుంటే అనుకోండి. వాడి బడిలో ఒకటో తరగతి కింద, రెండో తరగతి నుంచి పై అంతస్తులో. మెట్లకు ఒకవైపే రెయిలింగు ఉంది. వచ్చే ఏడాదికి వాడు మెట్లు ఎక్కకపోతే బడి మానాల్సి వస్తుందని నా భయం. ఆయా ఎత్తుకుని తీసుకెళ్లడం కుదరదని బడివాళ్లు ముందే చెప్పేశారు. అందుకే సాయంత్రాలు వదలనంటున్నాను.

భవిత_టీచరు
నాన్నగారూ, మీరు ఈ మాట ముందే చెప్పాల్సింది. ఆ భయంలో పిల్లవాడి కాళ్ల తప్పు ఏమీ లేదు. తరగతిని కిందికి దించవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం బడి వైకల్యాన్ని చూపి పిల్లవాణ్ణి పక్కన పెట్టకూడదు, భవనం వాళ్లకు అందుబాటులో ఉంచాలి. 40 శాతం ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ర్యాంపో లిఫ్టో కట్టడానికి సమయం పడుతుంది, రెండో తరగతి గదిని, కింద ఉన్న ఇంకో గదిని అటూ ఇటూ మార్చడానికి ఒక పూట చాలు. మా మండలంలో ఇద్దరు పిల్లల కోసం అలాగే మార్పించాం. ప్రధానోపాధ్యాయులకు ఇప్పుడే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, యూడీఐడీ నకలు జతచేయండి, చేరినట్లు సంతకం తీసుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే మండల విద్యాశాఖాధికారి దగ్గరికి వెళ్లండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరును కూడా కలవండి, బడితో మాట్లాడటం మా పనిలో భాగం.

వాల్తేరు_ఫిజియో
మెట్ల సంగతి సెంటరులో కూడా చెప్పండి. రెయిలింగు పట్టుకుని ఎక్కడం, దిగడం అనేదే లక్ష్యంగా పెట్టుకుంటే సాయంత్రం చేసే పనంతా దాని చుట్టూ తిరుగుతుంది. మీ కాలనీ మెట్లలో చివరి రెండు మెట్లు రోజూ వాడినే ఎక్కనివ్వండి, మీరు ఒక మెట్టు కింద వెనకగా నిలబడి. తొందర పెట్టకండి.

గోపాలపట్నం_నాన్న
గది మార్చమని అడగవచ్చని నాకు నిజంగా తోచలేదండి. సోమవారం సెలవు పెట్టి వెళ్తాను.

కంచరపాలెం_కళ
అర్జీ నకలు మీ దగ్గర ఉంచుకోవడం మరిచిపోకండి!

గోపాలపట్నం_అమ్మ
ఆదివారం ఆర్కే బీచ్‌కు వెళ్లాం. అలలకు దూరంగా, తడిసి గట్టిపడిన ఇసుక మీద స్ప్లింట్లు విప్పి కూర్చోబెట్టాను. ముందు పాదాలు ముడుచుకున్నాడు. తర్వాత వాళ్ల అక్క తవ్విన గుంటలోకి నీళ్లు రావడం చూసి, మోకాళ్ల మీద పాకి, గుంట అంచు పట్టుకుని మోకాళ్ల మీదే నిటారుగా నిలబడి చేతులతో ఇసుక ఎత్తి పోశాడు. ఇంట్లో ఆ భంగిమ కోసం నేను బతిమాలని రోజు లేదు. మావారు చూస్తూ ఉండిపోయారు, ఫొటో తీయడం కూడా మరిచిపోయారు. పెద్దపాపతో నేను విడిగా వెళ్లి మురీ మిక్చర్ తిన్నాం. దానికి చాలా కబుర్లు ఉన్నాయి.

సెంటరులో మాట్లాడాను. పొద్దున సాగదీయడం ఆపి బల్ల మీద కూర్చునే పని, సాయంత్రం కొన్ని రోజులు మెట్లు, ఆదివారం సెలవు. రాత్రి స్ప్లింట్లు ఉంటాయి, పెందుర్తి అన్నగారూ. తుంటి ఎక్స్‌రే తీయించాం. ఎడమవైపు కొంచెం గమనించాలన్నారు, మళ్లీ ఆరు నెలలకు తీయాలట.

పెందుర్తి_నాన్న
సంతోషం అమ్మా. ఆ ఎక్స్‌రే ఫిల్ము పారేయవద్దు, తర్వాతి దానితో పోల్చి చూడాలి. ఆదివారం సంగతి ఇంకా నాకు పూర్తిగా నచ్చలేదు గానీ, ఇసుకలో మోకాళ్ల మీద నిలబడ్డాడంటే అది సెలవు కిందికి రాదు.

సీతమ్మధార_సునంద
వాకర్‌ను ఇసుకలోకి తీసుకెళితే చక్రాలు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఉప్పుగాలికి బేరింగులు పట్టేస్తాయి.

గోపాలపట్నం_అమ్మ
కూర్మన్నపాలెం బాబాయిగారూ, మీ చెక్క బల్ల కొలతలు ఇస్తారా? మా వీధి వడ్రంగి చేస్తానన్నాడు.

కూర్మన్నపాలెం_తాత
నా కొలతలు మీకు పనికిరావమ్మా, అవి మా పాపవి. బాబును కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి మడమ దాకా కొలవండి, పగలు స్ప్లింట్లు వేస్తే వాటితో సహా. అదే బల్ల ఎత్తు. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు తొంభై డిగ్రీల్లో ఉండాలి. వెడల్పు తుంటి కంటే అటూ ఇటూ రెండేసి వేళ్లు ఎక్కువ. అడుగున నాలుగు మూలలా రబ్బరు ముక్కలు కొట్టించండి, గచ్చు మీద జారదు. అంచులు బాగా చిత్రిక పట్టించండి. బల్ల కాళ్లు ఒక అంగుళం ఎక్కువ పెట్టించి తర్వాత కోయించుకోవచ్చు, తక్కువైతే మాత్రం అతుకు పెట్టాలి.

గాజువాక_రవి
బాబాయిగారూ, మా పాపకూ అలాగే చేయిస్తాను. తనకు ముందుకు జారిపోయే అలవాటు ఉంది, కాళ్ల మధ్య చెక్క ముక్క ఏమైనా పెట్టాలా?

కూర్మన్నపాలెం_తాత
పెట్టవచ్చు, కానీ ముందు మీ ఫిజియోకు చూపించి అడగండి. జారేది బల్ల లోతు ఎక్కువై కావచ్చు. పాప కొలతలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.